గోగునార పోయింది, గోంగూర నిలిచింది: మన పెరటి పుల్లకూర చరిత్ర



ఈ పుస్తకంలో మిగతా పేజీల్లో మన పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి అప్పు ఎంత, వసూలు ఎంత అనే లెక్కలు ఉంటాయి. అవి ఉండాల్సిందే. లెక్క రాసుకోవడం నేర్చుకున్నాకే బ్యాంకులో మన మాటకి విలువ వచ్చింది. అయితే మనం రోజూ చేసే పనుల్లో ఏ పుస్తకంలోకీ ఎక్కనివి చాలా ఉన్నాయి. పెరట్లో నాలుగు గోంగూర మొక్కలు పెంచి, ఇంటిల్లిపాదికీ పచ్చడి నూరి, పక్కింటికి ఒక కట్ట ఇచ్చి, వచ్చే ఏడుకి విత్తనం మూటగట్టడం అట్లాంటి పని. దానికి కూలి లేదు, రసీదు లేదు, రిజిస్టరు లేదు.

పలనాడు చరిత్ర అనగానే అందరికీ కారెంపూడి యుద్ధం, కోడిపందెం, నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడి చాపకూడు గుర్తొస్తాయి. ఆ కథలు మనకి తెలుసు, పిల్లలకీ చెప్పుకుంటాం. ఈ ఏటి పుస్తకంలో ఇంకో కథ రాయాలనుకున్నాం. అది మన పెరట్లో ఉన్న మొక్క కథ. ఆ మొక్కని నిలబెట్టింది ఆడవాళ్ల చేతులే కాబట్టి ఇది మన కథ కూడా.

విసుగొస్తే మనవాళ్లు "గోంగూరేం కాదూ!" అంటారు. విలువలేని దానికి గోంగూర పేరు పెట్టడం ఎప్పుడు మొదలైందో గానీ, ఆ కూర వెనక ఉన్న కథ మాత్రం చిన్నది కాదు.

ఒకటే పేరు, రెండు మొక్కలు

మనం గోంగూర అనేది నిజానికి రెండు మొక్కల్ని. ఒకటి ఆకుపచ్చ కాడ మొక్క. దీన్నే గోగు అంటారు. నిటారుగా, మనిషిని మించి ఎదుగుతుంది. పులుపు కొంచెం తక్కువ. నార కోసం ఎక్కువగా వేసింది దీన్నే. రెండోది ఎర్రకాడ గోంగూర, పుల్లగోంగూర. దీని పులుపు గట్టిది. పూత రాలాక కాయ చుట్టూ ఎర్రగా, కండగా ఉండే రేకులు వస్తాయి. వాటితో కూడా పచ్చడి చేసుకుంటాం.

రెండూ పత్తి, బెండ కుటుంబానికి చెందినవే. పూలు చూస్తే తెలిసిపోతుంది. లేత పసుపు రేకులు, నడిమధ్య ముదురు ఎరుపు మచ్చ. పత్తిపువ్వు, బెండపువ్వు, గోగుపువ్వు అక్కచెల్లెళ్లలా ఉంటాయి. అందుకే పత్తి మీద పడే పిండినల్లి మన గోంగూర మీద కూడా పడుతుంది.

గోగుకూర అనే మాటే నోట నలిగి గోంగూర అయిందని పెద్దవాళ్లు చెప్తారు. మాటలోనే ఈ మొక్క రెండు బతుకులూ ఉన్నాయి. గోగు అంటే నార, కూర అంటే వంట. నార మగవాళ్ల చేతి మీదుగా సంతకి పోయింది. కూర ఆడవాళ్ల చేతి మీదుగా కుండలోకి పోయింది. ఈ రెండు దారులూ ఏమయ్యాయన్నదే ఈ వ్యాసం.

పుల్లకూరల్లో చుక్కకూర వేరు. అది నేలకి దగ్గరగా గుబురుగా పెరిగే చిన్న మొక్క, దాని కుటుంబం కూడా వేరు. ఇంగ్లీషువాళ్లు మాత్రం చుక్కకూర జాతినీ సోరెల్ అంటారు, ఎర్రగోంగూరనీ సోరెల్ అంటారు. పులుపు ఒకటే అయ్యేసరికి వాళ్లకి రెండూ ఒకటే అయ్యాయి. మనకి కాదు. చుక్కకూర పప్పులోకి, గోంగూర రోట్లోకి అని మన ఇంట్లో ఆడపిల్ల కూడా చెప్తుంది.

జొన్న, గోంగూర: ఒకే ఖండం బిడ్డలు

గోంగూరని ఆంధ్రమాత అంటాం. 1957లో వచ్చిన మాయాబజార్ సినిమాలో పెళ్లివంటల దగ్గర కూడా దాని మాట వస్తుంది. ఇంత మనదైన మొక్క పుట్టిల్లు మాత్రం మన దేశం కాదు, ఆఫ్రికా. గోగు, పుల్లగోంగూర రెండూ అక్కడివే.

అంతకన్నా విశేషం ఒకటుంది. మన పాత తిండి అయిన జొన్న కూడా ఆఫ్రికాదే. సజ్జ కూడా అక్కడిదే. పులుపుకి వాడే చింత కూడా అక్కడి చెట్టే. పలనాటి ముసలమ్మ ఒకప్పుడు జొన్నసంగటి ముద్దలో గోంగూర పచ్చడి నంజుకున్నదంటే, ఆ పళ్లెంలో సముద్రం దాటి వచ్చిన పంటలు రెండు పక్కపక్కనే ఉన్నాయన్నమాట. ఇప్పటికీ ఉత్తర కర్ణాటకలో జొన్నరొట్టెతో గోంగూర కూర తింటారు, దాన్ని పుండి అంటారు. మహారాష్ట్రలో అంబాడి అంటారు. తమిళులు పులిచ్చకీరై అంటారు. మెట్ట పంటలు పండే నేలలో జొన్న ఎక్కడికి పోతే ఈ కూర అక్కడికి తోడు పోయింది.

ఆఫ్రికా నుంచి ఈ మొక్క ఇంకో దారిలో కూడా పోయింది. అది కన్నీళ్ల దారి. ఆఫ్రికా జనాన్ని బానిసలుగా పట్టుకుపోయిన రోజుల్లో పుల్లగోంగూర కూడా వాళ్లతో అమెరికా వైపు దీవులకి చేరింది. జమైకాలో ఇప్పుడు క్రిస్మస్ పండక్కి దాని ఎర్ర రేకులు ఉడకబెట్టి, అల్లం, చక్కెర కలిపి తాగుతారు. దాన్నే సోరెల్ అంటారు. సూడాన్, ఈజిప్టులో అదే రేకుల పానకాన్ని కర్కడే అంటారు. సెనెగల్‌లో బిస్సాప్ అంటారు. మనకి తూర్పున బర్మావాళ్లకి గోంగూరాకు రోజువారీ కూర, దాని పేరు చిన్‌బౌంగ్. ఇంగ్లీషువాళ్ల కాలంలో రంగూన్ పోయి మూటలు మోసిన తెలుగు కూలీలకి ఆ దేశంలో భాష కొత్త గానీ ఈ కూర కొత్త కాదు.

ఊరు మారిన మనిషి మొదట వెతుక్కునేది తన తిండి. విత్తనం బరువుండదు. కొంగున కట్టుకుంటే చాలు. పుట్టింటి నుంచి అత్తారింటికి మనం తెచ్చుకున్నట్టే, ఈ విత్తనం కూడా ఇల్లు మారుతూ మారుతూ దేశాలు దాటింది.

జొన్నకూడు నాటి పలనాడు

పలనాటి వీరచరిత్ర రాసిన శ్రీనాథుడు ఇక్కడి తిండి చూసి విసుక్కున్నాడని చెప్తారు. ఆయన పేరున చెప్పుకునే చాటుపద్యాల్లో పలనాట్లో అందరికీ జొన్నకూడే గతి అని ఎత్తిపొడుపు ఉంది. సన్నబియ్యం తిన్న కవికి మన మెట్ట నేల నచ్చలేదు. నీళ్లు లేవు, రాళ్లు ఎక్కువ, ఎండ ఎక్కువ. నాపరాయి పరుచుకున్న నేల. వాన పడితే పంట, లేకపోతే లేదు.

ఆ నేల మీద బతికిన ఆడవాళ్లకి జొన్నకూడులోకి నంజుడు కావాలి. గోంగూర అందుకు సరిపోయింది. తొలకరిలో విత్తితే నెల తిరగకముందే ఆకు వస్తుంది. కొనలు గిల్లేకొద్దీ పక్క కొమ్మలు వేస్తుంది. దానిలోనే పులుపు ఉంటుంది కాబట్టి చింతపండు పని లేదు. ఉప్పేసి నూరి జాడీలో పెడితే వానలు లేని రోజుల్లో కూడా ఉంటుంది. ఎండబెట్టి దాచుకుంటే కూడా ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఈ రోజు గోంగూర అంటే పండుమిర్చి, ఎండుమిర్చి లేకుండా ఊహించలేం. కానీ మిరపకాయ మన దేశానిది కాదు. పోర్చుగీసువాళ్లు 1498లో కేరళ తీరానికి వచ్చాక, అమెరికా ఖండం నుంచి వాళ్ల ఓడల్లో ఇక్కడికి చేరింది. శ్రీనాథుడు 15వ శతాబ్దం మనిషి. ఆయన పలనాడు వచ్చేనాటికి ఇక్కడ మిరపకాయ లేదు. కారం కావాలంటే మిరియమే. వేరుశనగ కూడా అమెరికా నుంచి ఆ తరవాత వచ్చిందే. ఇవాళ గుంటూరు మిర్చి పేరు దేశమంతా తెలుసు, గోంగూర పేరు కూడా తెలుసు. ఆఫ్రికా ఆకూ అమెరికా కాయా కలిసింది మాత్రం మన రోట్లోనే. ఏ రాజూ చెప్పలేదు, ఏ పండితుడూ రాయలేదు. పేరు తెలియని ఆడవాళ్లు ఇంటింటా నూరి, రుచి చూసి, ఉప్పు సరిచూసి చేసిన పని అది.

కరువుల్లో ఆకుకూరే ప్రాణం నిలిపేది. 1832-33లో వచ్చిన కరువుకి చరిత్రలో గుంటూరు కరువు అనే పేరే పడింది. లక్షకి పైగా జనం చనిపోయారు. అట్లాంటి ఏళ్లల్లో ఏ ఆకు తినొచ్చు, ఏది తినకూడదు, ఏ గింజ దాచాలి అన్న తెలివి ఇంటి పెద్దావిడ దగ్గరే ఉండేది. ఆ తెలివిని మనం చదువు అనుకోలేదు గానీ అది చదువే.

నార కాలం

ఇక గోగు రెండో బతుకు. పాతకాలం వ్యవసాయం తాడు మీద నడిచింది. ఎడ్లకి పగ్గాలు, పలుపులు, తలుగులు. బావికి మోకు. మూతికి చిక్కం. ఇంట్లో ఉట్టి, నులకమంచం. వీటికి కావాల్సిన నార గోగు నుంచీ జనుము నుంచీ వచ్చేది. అందుకే జొన్నచేలోనో పత్తిచేలోనో నాలుగు సాళ్లకి ఒక సాలు, లేకపోతే గట్టు పొడుగునా గోగు విత్తేవాళ్లు. వాన రోజుల్లో ఆకు కోసుకుని, పూత వేళకి మొక్క కోసి నారకి వేసేవాళ్లు. నార తీశాక మిగిలిన గోగుపుల్లలు పొయ్యిలోకి, దడికి. గింజలు గొడ్లకి. పారేసేది ఏమీ ఉండేది కాదు.

నార తీయడం చెప్పినంత తేలిక కాదు. కోసిన మొక్కల్ని కట్టలు కట్టి, చెరువులోనో వాగు మడుగులోనో ముంచి, పైన రాళ్లు పెట్టి రెండు మూడు వారాలు నానబెడతారు. కాడ కుళ్లి నార విడిపోతుంది. అప్పుడు నడుములోతు నీళ్లలో నిలబడి ఒక్కో కాడ నుంచి నార ఒలిచి, ఉతికి, జాడించి ఆరేయాలి. ఆ కంపు రోజుల తరబడి ఒంటిని వదలదు. కాళ్లు, చేతులు పాసిపోతాయి. ఈ పనిలో ఆడవాళ్లు, పిల్లలు ఉండేవాళ్లు. తాడు పేని సంతలో అమ్మి డబ్బు చేతబట్టుకునేది ఎక్కువగా మగవాళ్లు. ఈ లెక్క మనకి కొత్తదేం కాదు. పత్తి ఏరేది మనం, మిరపకాయలు కోసేది మనం, మిల్లు దగ్గర చీటీ మాత్రం ఇంకొకరి పేరు మీద ఉంటుంది.

ఈ నార మీద తెల్లదొరల కన్ను కూడా పడింది. ఇంగ్లీషు ఓడలకి తాళ్లు కావాలి, ఆ నారకి వాళ్లు రష్యా మీద ఆధారపడి ఉన్నారు. రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు 1780ల్లో సామర్లకోటలో ఉండి మన తీరపు మొక్కలన్నిటికీ మన దేశపు చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. నారకి పనికొచ్చే మొక్కల్ని వెతికి పరీక్షలు చేశాడు. ఆయన అచ్చు వేయించిన కోరమండల్ మొక్కల పుస్తకంలో మన గోగు కూడా ఉంది. అప్పటిదాకా గట్టు మీద ఉన్న మొక్క కాయితం మీదకి ఎక్కింది. ఎందుకంటే దానికి ధర పలికే అవకాశం కనిపించింది.

తరవాతి కాలంలో గోగునార విశాఖ జిల్లా భీమునిపట్నం రేవు నుంచి ఓడలెక్కింది. అందుకే వ్యాపారంలో దానికి బిమ్లీ జనపనార అనే పేరు పడింది. నెల్లిమర్ల, చిట్టివలస, ఏలూరు, గుంటూరులో జనపనార మిల్లులు వచ్చాయి. 1947లో దేశం రెండయ్యాక అసలు జనపనార పండే తూర్పు బెంగాల్ పాకిస్తాన్‌కి పోయింది, మిల్లులు ఎక్కువ భాగం ఇక్కడ మిగిలాయి. వాటికి నార చాలక గోగునారకి గిరాకీ పెరిగింది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో నార గోగు మీదే పని చేసి కొత్త రకాలు తీశారు.

ఆ వెలుగు ఎక్కువ కాలం నిలవలేదు. నైలాన్ తాడు వచ్చింది, ప్లాస్టిక్ సంచి వచ్చింది. 1987లో కొన్ని సరుకులు జనపనార సంచుల్లోనే నింపాలని కేంద్రం చట్టం చేసింది గానీ ప్లాస్టిక్ ఆగలేదు. మిల్లుల్లో కొన్ని మూతబడ్డాయి. ఎడ్లు పోయి ట్రాక్టరు వచ్చాక పగ్గం, పలుపు పనే లేకుండా పోయింది. నులకమంచానికి బదులు ప్లాస్టిక్ పట్టీ వచ్చింది. మన పలనాట్లో గోగునార చూసిన పిల్లలు ఇప్పుడు లేరంటే ఎక్కువ చెప్పినట్టు కాదు.

లెక్కల్లోకి ఎక్కిన గోగు, ధర పలికిన గోగు, చట్టాల్లోకి ఎక్కిన గోగు పోయింది. ఎవరూ లెక్క రాయని గోంగూర మిగిలింది. ఎందుకు మిగిలిందంటే, ధర ఉన్నా లేకపోయినా ఇంట్లో కూర వండాలి కాబట్టి. ఆడవాళ్లు విత్తనం దాచారు కాబట్టి.

సాగర్ నీళ్లు వచ్చాక

1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకి నీళ్లు వదిలారు. కుడికాలువ మన పలనాటి పొలాల మీదుగా ప్రకాశం వైపు పోయింది. జొన్నకూడు నాడు కాస్తా వరి తినే నాడయింది. శ్రీనాథుడు మళ్లీ వస్తే గుర్తుపట్టలేడు. అయితే కాలువకి ఎగువన ఉన్న వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు ఊళ్లు చాలా ఇప్పటికీ మెట్టగానే ఉన్నాయి. ఒకే జిల్లాలో ఒక ఊళ్లో మూడు పూటలా వరి, ఇంకో ఊళ్లో ట్యాంకరు నీళ్లు. ఈ తేడా మన సంఘాల్లో అప్పులు కట్టే తీరులో కూడా కనిపిస్తూనే ఉంటుంది.

నీళ్లతో పాటు పత్తి, మిరప పెరిగాయి. 1970 నుంచి హైబ్రిడ్ పత్తి, 2002 నుంచి బీటీ పత్తి. చేలో కలిపి వేసే పాత పద్ధతి పోయింది. సాలుకి సాలు అంతా పత్తే, అంతా మిరపే. గోగు సాళ్లు పోయాయి. గట్టు కూడా సన్నబడింది. పెట్టుబడి పెరిగింది, పురుగు పెరిగింది, మందు పెరిగింది. 1987లో తెల్లదోమ పడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి పోయి, అప్పుల పాలై రైతులు ప్రాణాలు తీసుకున్న సంగతి మనలో పెద్దవాళ్లు మర్చిపోలేరు. పోయినవాళ్ల పేర్లు పేపర్లలో వచ్చాయి. వెనక మిగిలి అప్పు కట్టిన ఆడవాళ్ల పేర్లు రాలేదు.

ఇక్కడే గోంగూర కథలో ప్రమాదం మొదలయింది. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం కూడా ఇదే. కూలికి పోయి వస్తా వస్తా చేలోనో గట్టు మీదో మొలిచిన గోంగూర ఒళ్లో కోసుకురావడం మనకి తరతరాల అలవాటు. రైతు కూడా వద్దనడు. పాతరోజుల్లో అది మంచి అలవాటే. ఇప్పుడు ఆ చేలో వారం పదిరోజులకి ఒకసారి మందు కొడుతున్నారు. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందుని కూరగాయల మీద కొట్టకూడదని ప్రభుత్వమే నిషేధించింది, కానీ పత్తి మీద ఏళ్ల తరబడి కొట్టారు. పత్తిచేను గట్టు మీద గోంగూర కాయితాల్లో కూరగాయ కాదు. మన కుండలోకి వచ్చాక మాత్రం కూరే. మందుకి ఆ తేడా తెలియదు.

మందు కొట్టిన చేలో కూర కోయకూడదని మనందరికీ తెలుసు. ఏ చేలో ఏ రోజు ఏ మందు కొట్టారో కూలికి పోయిన ఆడమనిషికి ఎవరు చెప్తారు? వాసన పోతే మందు పోయినట్టు కాదు. ఆకుకూర గరుకుగా, నూగుగా ఉంటుంది, మందు పట్టుకుంటుంది. కడిగితే పైది కొంత పోతుంది, ఆకులోకి దిగిన మందు పోదు. కడుపుతో ఉన్న కోడలికీ, అంగన్‌వాడీకి పోయే పిల్లలకీ అదే ముద్ద పెడతాం. అందుకని గట్టు గోంగూర నుంచి పెరటి గోంగూరకి మారడం ముచ్చట కోసం కాదు, ఇంట్లోవాళ్ల ఒంటి కోసం.

సంఘం, పెరడు

ఆడవాళ్ల సంఘాలు కూడా ఒకరోజులో వచ్చినవి కాదు. 1982-83లో డ్వాక్రా మొదలయింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు, ఆ మంట రాష్ట్రమంతా పాకింది. అదే ఏడు నాబార్డు పొదుపు సంఘాలకి బ్యాంకు లింకేజీ మొదలుపెట్టింది. 2000లో సెర్ప్, వెలుగు వచ్చాయి. 2011లో స్త్రీనిధి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పలనాడు జిల్లా అయింది.

ఈ నడకలో వ్యవసాయం కూడా సంఘాల్లోకి వచ్చింది. 2004 తరవాత సెర్ప్ ద్వారా పురుగుమందులు లేని సాగు గ్రామ సమాఖ్యల చేతికి వచ్చింది. కషాయాలు కాచడం, పొలం బడి పెట్టడం సంఘం సభ్యురాళ్లే నేర్చుకున్నారు. 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం నడిపిస్తోంది, అందులో పెరటితోటలకీ చోటుంది. నాటి ముసలమ్మ బూడిద చల్లి, వేపాకు వేసి చేసిన పనే ఇప్పుడు శిక్షణ అయింది. మంచిదే. మన తెలివి మనకే తిరిగి వచ్చింది.

అయితే పెరడు ఉంటేనే పెరటితోట. సెంటు, సెంటున్నర ఇంటి స్థలంలో ఇల్లు కట్టాక మిగిలేది ఎంత? బాడుగ ఇంట్లో ఉన్నవాళ్ల సంగతేమిటి? వాళ్లకి కూడా గోంగూర కుదురుతుంది. సిమెంటు సంచి, పగిలిన బక్కెట్టు, నూనె డబ్బా అడుగున బొక్కలు పెట్టి మట్టి, చివికిన పేడ ఎరువు నింపితే నాలుగు మొక్కలు పెరుగుతాయి. అంగన్‌వాడీ ఆవరణ, బడి ఆవరణ, సమాఖ్య భవనం వెనక ఉన్న చోటు కూడా మనవే.

వేసుకునేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి

చరిత్ర తెలుసుకున్నాక పని సంగతి నాలుగు మాటల్లో.

విత్తే వేళ: తొలకరిలో విత్తితే ఆకు ఎక్కువ కాలం వస్తుంది. గోంగూర పొద్దు చూసి పూసే మొక్క. పగలు తగ్గి రాత్రి పెరిగేకొద్దీ పూతకి వస్తుంది. అందుకని జ్యేష్ఠంలో వేసినా శ్రావణంలో వేసినా పూత మాత్రం దసరా, దీపావళి రోజుల్లోనే. దసరా దాటాక విత్తితే మొక్క జానెడు ఎదగకముందే పూస్తుంది, మొక్క గిడసబారిందని బెంగపడక్కర్లేదు. ఆ కాలంలో ఒత్తుగా చల్లి, నెలలోపే వేళ్లతో పీకి వాడుకోవాలి. వేసవిలో నీళ్లు పెట్టగలిగితే మళ్లీ ఆకు బాగా వస్తుంది.

నీళ్లు: లేత మొక్క మొదట్లో నీళ్లు నిలవకూడదు. నల్లరేగడిలో అయితే కొంచెం ఎత్తుగా మడి కట్టాలి. బియ్యం, కూరలు కడిగిన నీళ్లు పోసుకోవచ్చు. సబ్బునీళ్లు వద్దు.

కోత: మూరెడు ఎత్తు రాగానే కొన తుంచాలి. పక్క కొమ్మలు వస్తాయి. ఆకుల మీద చిల్లులు పడితే పొద్దున్నే మంచు ఆరకముందు బూడిద చల్లాలి. పిండినల్లి పడితే ఆ కొమ్మ తుంచి దూరంగా పారేసి, వేపగింజల కషాయం కొట్టాలి.

వంట: పుల్లకూర ఇత్తడిలో, అల్యూమినియంలో ఉడికిస్తే లోహం కూరలోకి దిగుతుంది. మన పెద్దవాళ్లు కళాయి లేని ఇత్తడిగిన్నెలో పులుపు వండొద్దని అందుకే అన్నారు. మట్టికుండ, ఇనప మూకుడు, స్టీలు గిన్నె మంచివి. నిలవ పచ్చడికి జాడీ.

ఆరోగ్యం: 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తం తక్కువ అని తేలింది. పదిమంది సభ్యురాళ్లున్న సంఘంలో ఇంచుమించు ఆరుగురు. గోంగూరలో ఇనుము ఉంది, విటమిన్లు ఉన్నాయి. అట్లాగని గోంగూర తింటే చాలు, ఐరన్ మాత్ర మానెయ్యొచ్చు అనుకోకూడదు. దానిలోని పులుపు పదార్థాల్లో కొన్ని ఇనుముని ఒంటికి పూర్తిగా పట్టనివ్వవు. కూర కూరే, మాత్ర మాత్రే. రెండూ కావాలి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు డాక్టరుని అడిగి తినాలి.

విత్తనం: అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. బలంగా ఉన్న నాలుగైదు మొక్కలకి దసరా నుంచి ఆకు కోయడం ఆపాలి. కాయ మొక్క మీదే ఎండాలి. గోగుకాయ మీద నూగు గుచ్చుకుంటుంది, చేతికి గుడ్డ చుట్టుకుని కోయాలి. గింజ నీడన ఆరబెట్టి, బూడిద కలిపి, తడి తగలని సీసాలో దాచాలి. గింజ పాతబడేకొద్దీ మొలక తగ్గుతుంది, ఏటా కొత్త గింజ తీసుకోవడం మేలు. ఎర్రకాడది, తెల్లకాడది వేరువేరు సీసాల్లో పెట్టి పేరు, ఏడు రాసి అంటించాలి.

మన ముందున్న పని

గోగునార కథలో మనకో పాఠం ఉంది. బజారు కోసం పెరిగింది బజారు మారగానే పోయింది. ఇంటి కోసం పెరిగింది నిలిచింది. కానీ ఇంటి కోసం పెరిగేది కూడా తనంతట తాను నిలవదు. మన అత్తల కాలంలో విత్తనం లేని ఇల్లు లేదు. మన కాలంలో పొట్లం కొంటున్నాం. మన కోడళ్ల కాలానికి కట్ట కొనడమే మిగిలితే, ఆ కట్ట ఏ చేలో పెరిగిందో, దాని మీద ఏం కొట్టారో అడగడానికి కూడా ఎవరూ ఉండరు.

అందుకని ప్రతి గ్రామ సమాఖ్య వచ్చే తొలకరిలోపు మూడు పనులు తీర్మానం రాసుకోవాలని కోరుతున్నాం. ఒకటి, ఊళ్లో పాత విత్తనం ఇంకా దాచుకున్న పెద్దవాళ్లు ఎవరున్నారో కనుక్కుని వాళ్ల దగ్గర గుప్పెడు గింజలు అడిగి తీసుకోవడం. వాళ్లు చెప్పే మాటలు కూడా రాసుకోవడం. రెండు, సమాఖ్య భవనంలో ఒక విత్తనాల పెట్టె పెట్టడం. తీసుకున్న సభ్యురాలు పంట రాగానే గుప్పెడుకి రెండు గుప్పెళ్లు తిరిగి ఇవ్వాలి. ఇది మనకి తెలిసిన అప్పు, వడ్డీ లెక్కే. మూడు, మందు కొట్టే చేల గట్ల మీద కూర కోయకుండా ఉండడం, అట్లా ఉండగలిగేలా ప్రతి ఇంటికీ నాలుగు మొక్కలైనా అందేలా చూడడం.

వచ్చే ఏటి పుస్తకంలో పొదుపు, అప్పు, వసూలు పట్టికల పక్కన విత్తనం పట్టిక కూడా ఒకటి వేద్దాం. ఏ ఊళ్లో ఎన్ని ఇళ్లల్లో గోంగూర ఉంది, ఎంతమంది గింజ దాచారు, ఎవరు ఎవరికి ఇచ్చారు అని. ఇన్నేళ్లూ ఏ లెక్కలోకీ రాని పనిని మన లెక్కలో మనమే రాసుకుందాం.